కరువు సీమలో కరెంటు గిటారు

పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో పైసా కట్టకుండా గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చినవాళ్ళు అనంతపురం పల్లెల్లో చాలామందే కనిపిస్తారు. ఆ ఆస్పత్రికి అందిన పెద్ద విరాళాల్లో ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు మాత్రం అరుదు. రాక్ సంగీతం చెవులు హోరెత్తిస్తుంటే హ్యాంబర్గర్లు వడ్డించే లండన్ హోటల్లో తన వాటా అమ్ముకున్న ఒక అమెరికన్ ఇచ్చిన డబ్బది.

ఆ హోటల్ పేరు హార్డ్ రాక్ కెఫే. 1971 జూన్ 14న ఐజాక్ టిగ్రెట్, పీటర్ మోర్టన్ అనే ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళు లండన్‌లో హైడ్ పార్క్ దగ్గర దాన్ని తెరిచారు. కొన్నేళ్ళకు ఎరిక్ క్లాప్టన్ తన గిటారు ఒకటి గోడకు తగిలించమని ఇచ్చాడు. అది చూసి 'ది హూ' బృందం గిటారిస్టు పీట్ టౌన్షెండ్ ఇంకో గిటారు పంపించి, నాదేమీ దానికి తీసిపోదని చీటీ పెట్టాడు. గోడల నిండా గిటార్లు తగిలించే ఆచారం అలా మొదలైంది. ఆ హోటల్లో ఇంకో మాట కూడా పెద్దక్షరాలతో కనిపించేది: 'లవ్ ఆల్, సర్వ్ ఆల్'. టీషర్టుల మీదికెక్కి ప్రపంచమంతా తిరిగిన ఆ మాట సత్యసాయిబాబాది. టిగ్రెట్ ఆయన భక్తుడు. అతని విరాళం అందుకున్న పుట్టపర్తి ఆస్పత్రిని 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు.

భక్తి ఎవరి ఇష్టం వారిది. బాబా చుట్టూ నడిచిన వాదాలతోనూ ఈ కథనానికి పని లేదు. ఇక్కడ చెప్పదలచుకున్నది వేరే. కొత్త కొత్త ప్రయోగాలతో ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసిన సంగీతకారులు కొందరు ఈ కరువు పీఠభూమితో, దాని చుట్టుపక్కల ఊళ్ళతో గట్టి ముడి వేసుకున్నారు. ఒకరైతే ఇక్కడే ఉండి పిల్లలకు పాఠాలూ చెప్పారు. ఆ కబురు ఇక్కడి పల్లెల్లో పెరిగిన పిల్లల దాకా మాత్రం రాలేదు.

ముసలమ్మ కట్ట కింద

బుక్కరాయసముద్రం అనంతపురానికి ఆనుకున్నట్టే ఉంటుంది. పట్నం నుంచి తాడిపత్రి రోడ్డు పడితే వస్తుంది. విజయనగర రాజుల కాలపు చెరువు, దాని కట్ట, కట్ట మీద ముసలమ్మ. తెగబోతున్న చెరువును ఆపడానికి ప్రాణాలిచ్చిన కోడలి కథను కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలోనే 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా చెప్పుకునే ఆ కావ్యానికి నేపథ్యం ఈ ఊరే. ఇదే మండలంలోని జంతలూరులో ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. వాన సంగతంటారా, దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ పడేది అనంతపురంలోనే అని ఇక్కడి పిల్లలు బడిలో బట్టీ పడతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు.

1980ల్లో, 90ల్లో ఇలాంటి ఊళ్ళో పెరిగిన పిల్లల చెవిన ఏం పడేది? పొద్దున కడప ఆకాశవాణి. అంతకు ముందు తరానికైతే సిలోన్ రేడియో, అందులో మీనాక్షి పొన్నుదురై తెలుగు. పెళ్ళింట్లో మైకుసెట్టు. బెంగళూరు నుంచి వచ్చే లహరి క్యాసెట్లు. రాములవారి గుడి దగ్గర చెక్కభజన. రాక్ అనే మాట వింటే బండరాయి తప్ప ఇంకేమీ గుర్తురాని ఇళ్ళవి. అలాగని వింత శబ్దాలకు కరువేం లేదు.

ఉరుమునే తీసుకోండి. సీమ జాతరల్లో దేవర ముందు వాయించే వాద్యమిది. నడుము సన్నగా, రెండు మూతులకూ తోలు బిగించి ఉంటుంది. ఒక మూతి మీద పుల్లతో దరువు వేస్తారు. రెండో మూతి మీద దెబ్బ పడదు. వంపు తిరిగిన పుల్లను తోలుకు ఆనించి, ఒత్తిపట్టి రాస్తారు. తోలు మూలుగుతుంది. ఇంకాస్త ఒత్తితే గొణుగుతుంది, ఇంకా ఒత్తితే గర్జిస్తుంది. అది సరిగమల్లో ఇమిడే శబ్దం కాదు. దగ్గర నిలబడితే చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. నలుగురైదుగురు కలిసి గుండ్రంగా తిరుగుతూ వాయిస్తుంటే మొదటిసారి చూసిన చంటోడు అమ్మ కొంగులో దూరతాడు. మరుసటేడు అదే పిల్లోడు జనాన్ని తోసుకుంటూ ముందు వరసలోకి పోతాడు.

సరిగ్గా ఇలాంటి గరగర కోసమే 1964లో లండన్‌లో డేవ్ డేవీస్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు తన యాంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోసి పారేశాడు. అతను 'ది కింక్స్' బృందంలో గిటారిస్టు. చిరిగిన స్పీకర్లోంచి బొంగురుగా, కోపంగా వచ్చిన శబ్దాన్ని అలాగే రికార్డు చేసి 'యూ రియల్లీ గాట్ మీ' పాటగా వదిలారు. హెవీ మెటల్ దాకా సాగిన వంశవృక్షం వేళ్ళు వెతికేవాళ్ళు తప్పకుండా ఆగే చోట్లలో అదొకటి. మన కచేరీల్లో మాత్రం? తంబురా తీగ కింద జీవాళి దారం సర్దేది ఆ జుమ్మనే రొద పుట్టించడానికే. మడి కట్టుకున్న స్వరం ఒక్కటే సంగీతం అనే మాట కచేరీ పెద్దలు ఎంత గట్టిగా చెప్పినా, వాళ్ళ తంబురా ఒప్పుకోదు. సీమ జాతర అసలే ఒప్పుకోదు.

పాటకూ పాటకూ నడుమ

సినిమా హాలు ఇంకో బడి. తెలుగు పిల్లలు ప్రయోగ సంగీతాన్ని ఎక్కువగా విన్నది పాటల పల్లవుల్లో కాదు. చరణాల నడుమ వాద్యాల్లో, తెర మీద ఎవరూ మాట్లాడని చోట్ల విన్నారు. 1989లో 'శివ' వచ్చినప్పుడు ఊరంతా సైకిల్ చైను గురించి మాట్లాడుకుంది. ఆ సినిమాలో శబ్దాన్ని ఎంత పొదుపుగా వాడారో, ఇళయరాజా ఎక్కడెక్కడ వాయించకుండా ఊరుకున్నారో గమనించింది తక్కువమంది. మూడేళ్ళకు అదే దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి'కి మణిశర్మ నేపథ్య సంగీతం ఇచ్చారు. కళ్ళు మూసుకుని సినిమా చూసిన పిల్లలు నిజానికి ఆ సంగీతాన్నే విన్నారు, ఎందుకంటే చెవులు మూసుకోవడానికి చేతులు మిగల్లేదు. 1993 నాటి 'దొంగా దొంగా'లో ఎ.ఆర్. రహ్మాన్ దాదాపు వాద్యాలే లేకుండా, గొంతుల మీద గొంతులు పేర్చి ఒక పాట కట్టారు. అది క్యాసెట్‌లో ఎక్కి పల్లెపల్లెకూ పోయింది. ఇది కొత్త ప్రయోగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరూ భయపడనూ లేదు.

ఆ రహ్మాన్, ఇంకా దిలీప్‌గా ఉన్న రోజుల్లో, రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. అదే మద్రాసులో 'నెమెసిస్ అవెన్యూ' అనే రాక్ బృందంలోనూ ఉన్నారు. ఇళయరాజా 1986లోనే త్యాగరాజస్వామికీ, జర్మనీ సంగీతకర్త బాఖ్‌కూ అంకితమిస్తూ 'హౌ టు నేమ్ ఇట్' అనే ఆల్బం చేశారు. పేరేం పెట్టాలో తెలియని సంగీతం కాబట్టి అదే పేరు. తెలుగువాడి చెవికి రాక్ అలవాటు లేదనేవాళ్ళు ఈ చిట్టా ఒకసారి చూసుకోవాలి. వినడం విన్నాం. దానికి రాక్ అనో, ప్రయోగమనో చీటీ అంటించలేదు, అంతే.

పరాయి దేశాల పిల్లలు

వింత సంగీతంలో పడిపోయిన పిల్లల కథలు ప్రపంచంలో కొల్లలు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఫ్రాంక్ జప్పా గురించి. 1950ల్లో అమెరికాలో బడికెళ్ళే కుర్రాడు. 'లుక్' పత్రికలో ఒక రికార్డుల దుకాణం గురించి వ్యాసం చదివాడు. ఎవరూ కొనని రికార్డులు కూడా అమ్మగల ఘనుడు ఆ దుకాణదారుడు అని పొగుడుతూ, ఉదాహరణకు ఎడ్గార్ వరేజ్ అనే స్వరకర్త రికార్డును ఎత్తిచూపారు. డోళ్ళ రొద, వినడానికి బాగోని చప్పుళ్ళు అని తీసిపారేశారు. అంత బాగోలేనిదైతే తనకు కావాల్సిందేనని జప్పా వెతికి వెతికి పట్టుకున్నాడు. జేబులో ఉన్న చిల్లరతో బేరమాడి కొన్నాడు. 13 మంది తాళవాద్యకారులు సైరన్లతో సహా వాయించే 'అయోనిజేషన్' అందులో ఉంది. హాల్లో ఆ రికార్డు పెట్టొద్దని తల్లి కేకలేసింది, గదిలో తలుపేసుకుని విన్నాడు. పదిహేనో పుట్టినరోజుకు ఐదు డాలర్లు ఇస్తానంటే, డబ్బొద్దు, న్యూయార్క్‌లో ఉన్న వరేజ్‌కు ట్రంక్ కాల్ చేయనివ్వమన్నాడు. చేశాడు. ఆయన ఊళ్ళో లేడు, భార్య మాట్లాడింది. తర్వాత అరవైకి పైగా ఆల్బంలు చేసిన జప్పా జీవితాంతం ఆ ఫోన్ గురించి చెప్పుకున్నాడు.

జప్పాయే 1969లో కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనే గాయకుడి చేత 'ట్రౌట్ మాస్క్ రెప్లికా' చేయించాడు. గిటార్లు ఒక దారి, డ్రమ్ములు ఒక దారి, గొంతు ఇంకో దారి పట్టే రికార్డు. తర్వాత 'ది సింప్సన్స్' కార్టూన్లు సృష్టించిన మ్యాట్ గ్రోనింగ్ పదిహేనేళ్ళప్పుడు దాన్ని కొన్నాడు. ఇంత చెత్త రికార్డు వినలేదనుకున్నాడు. డబ్బు పెట్టి కొన్నాడు కాబట్టి మళ్ళీ విన్నాడు. ఆరోసారో ఏడోసారో వింటుండగా ఒక్కసారిగా అర్థమైంది, ఇంత గొప్ప రికార్డు లేదనుకున్నాడు. డబ్బు పెట్టి కొనడంలో ఉన్న సుగుణం అది. ఫోన్లో అయితే పదో సెకనుకే వేలు పక్కకు జరిగేది.

బ్రయన్ ఈనో కథ సీమ పిల్లలకు ఇంకా దగ్గరది. ఇంగ్లండులో సఫోక్ జిల్లాలో వుడ్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. చుట్టూ పొలాలు. దగ్గర్లో అమెరికా వైమానిక స్థావరాలు ఉండటంతో, ఆ సైనికుల కోసం పెట్టిన కాఫీ హోటళ్ళలో అమెరికా పాటల పెట్టెలు వచ్చిపడ్డాయి. ఎవరు పాడారో, ఎక్కడిదో తెలియని ఆ పాటలు వేరే గ్రహం నుంచి వచ్చినట్టుండేవని ఈనో చెప్పుకున్నాడు. స్వరాలు చదవడం రాకపోయినా టేపు రికార్డరునే వాద్యం చేసుకున్నాడు. డేవిడ్ బోవీ, టాకింగ్ హెడ్స్, యూటూల రికార్డుల వెనక అతని చెయ్యి ఉంది. ఒక పల్లెటూరి పక్కన అనుకోకుండా పెద్ద ప్రపంచం గుడారం వేస్తే ఏం జరుగుతుందో ఈనో ఉదాహరణ.

అనంతపురం పక్కన కూడా అలాంటి గుడారాలు పడ్డాయి.

చలనాట ఊదిన ట్రంపెట్

కదిరి మీదుగా దక్షిణానికి వెళ్తే మదనపల్లె, దాని దగ్గర రిషి వ్యాలీ స్కూలు. మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన బడి. 1960ల చివర్లో అక్కడికి ఒక కెనడా మనిషి కుటుంబంతో వచ్చి ఉన్నాడు, పిల్లలకు సంగీతం చెప్పాడు. పేరు మేనార్డ్ ఫెర్గూసన్. జాజ్ ట్రంపెట్‌లో అతనెక్కిన స్థాయికి ఎక్కాలంటే ఊపిరితిత్తులతోబాటు కొంచెం తెగింపూ ఉండాలనేవాళ్ళు. ట్రంపెట్లకు, ట్రాంబోన్లకు కొత్త అవయవాలు తగిలించి 'సూపర్‌బోన్', 'ఫైర్‌బర్డ్' అనే వాద్యాలు తయారు చేయించిన ప్రయోగాల మనిషి.

ఇక్కణ్ణుంచి ఇంగ్లండు వెళ్ళి 1970లో 'ఎం.ఎఫ్. హార్న్' అనే రికార్డు చేశాడు. రాక్ దరువు మీద ఇత్తడి వాద్యాలు దుమ్ము రేపే ఆ రికార్డులో ఆనాటి అమెరికా పాప్ పాటల పక్కన ఒక అంశం పేరు 'చలనాట'. మన 36వ మేళకర్త. కర్ణాటక కచేరీల్లోనే అరుదుగా వినిపించే ఆ రాగం లండన్ స్టూడియోలో ట్రంపెట్లకు ఎక్కింది. సత్యసాయిబాబాను ఫెర్గూసన్ గురువుగా చెప్పుకున్నాడు. 1977లో 'రాకీ' సినిమా బాణీని వాయించి అమెరికా పాప్ జాబితాల్లోకెక్కినప్పుడు అతని పేరు లోకమంతా తెలిసింది. మదనపల్లె ప్రాంతంలో పిల్లలకు పాఠాలు చెప్పి వెళ్ళిన మనిషి అని మన పత్రికలు అప్పుడైనా గుర్తుచేసి ఉంటే బాగుండేది.

రెండో గుడారం ఇంకా చిత్రమైంది. అది ఇక్కడ పడలేదు. ఇక్కడి భజన అక్కడికి వెళ్ళింది.

ఆలిస్ కోల్ట్రేన్ 1937లో డెట్రాయిట్‌లో పుట్టింది. చిన్నప్పుడు చర్చిలో ఆర్గన్ వాయించింది. జాజ్ మహానుభావుడు జాన్ కోల్ట్రేన్‌ను పెళ్ళాడింది. ఆయన 1967లో పోయాక హార్ప్ చేతబట్టి, వెనక తంబురా మోగుతుండగా 1971లో 'జర్నీ ఇన్ సచ్చిదానంద' విడుదల చేసింది. 1974లో రాక్ గిటారిస్టు కార్లోస్ శాంటానాతో కలిసి 'ఇల్యూమినేషన్స్' చేసింది. తర్వాత కచేరీలు మానేసి, కాలిఫోర్నియా కొండల్లో 1983లో ఆశ్రమం పెట్టింది. మొదట 'శాంతి అనంతం', తర్వాత 'సాయి అనంతం'. ఆమె పుట్టపర్తి బాబా భక్తురాలు.

ఆ ఆశ్రమంలో ఆదివారాలు జరిగిన భజనలు ఎలా ఉంటాయో మాటల్లో చెప్పడం కష్టమే. మనకు తెలిసిన నామాలే, కృష్ణుడు, రాముడు, శివుడు. పాడే గొంతులు మాత్రం అమెరికా నల్లజాతి చర్చివి. చప్పట్లూ ఆ చర్చివే. కింద ఒబర్‌హైమ్ సింథసైజర్ మీద ఆలిస్ స్వరాన్ని ఒక మెట్టు మీద నిలబెట్టదు, కిందినుంచి పైదాకా సాగదీస్తుంది. విమానం రన్‌వే వదిలి లేస్తున్నప్పటి శబ్దం భజనలో కలిస్తే ఎలా ఉంటుందో అలా. ఇలాంటి భజనలను ఆమె తన అనుచరుల దాకే క్యాసెట్లుగా వేసుకుంది. 'టురియా సింగ్స్' 1982లో వచ్చింది, ఇంకో మూడు 1995 దాకా. 2017లో టాకింగ్ హెడ్స్ గాయకుడు డేవిడ్ బర్న్ స్థాపించిన లువాకా బాప్ కంపెనీ వాటిలోంచి ఏరి విడుదల చేస్తే ప్రపంచం కొత్తగా విని నోరెళ్ళబెట్టింది.

ఆ ఆశ్రమానికి వెళ్ళొచ్చే పిల్లల్లో ఆలిస్ బంధువుల పిల్లాడు ఒకడున్నాడు. స్టీవెన్ ఎలిసన్. పెద్దయ్యాక 'ఫ్లయింగ్ లోటస్' పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతంలో పేరున్న ప్రయోగశీలి అయ్యాడు. 2010 నాటి అతని 'కాస్మోగ్రామా'లో హార్ప్ తీగలు వినిపిస్తే అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇక చెప్పనక్కర్లేదు. రేడియోహెడ్ బృందం కూడా 2001లో వచ్చిన తమ పాటొకదాని వెనక ఆలిస్ ప్రభావం ఉందని ఒప్పుకుంది. పుట్టపర్తిలో చిత్రావతి నది ఒడ్డున సాయంత్రాలు చప్పట్లు కొడుతూ పాడిన నామాలు ఇంత దూరం నడిచాయి. అనంతపురం జిల్లాలో ఇంటింటా భజన తెలిసినవాళ్ళున్నారు, ఈ భజనలు విన్న ఇల్లు ఒక్కటైనా ఉంటుందా అన్నది అనుమానమే.

పాలకొల్లు బాలుడు

మూడో మనిషి మనవాడే. ఉప్పలపు శ్రీనివాస్, 1969లో పాలకొల్లులో పుట్టినవాడు. తండ్రి దగ్గరున్న మాండలిన్‌ను ఆరేళ్ళ వయసులో పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు అది తీగ మీద వెతుక్కునేవాడు. చూసి నేర్చుకోవడానికి ముందొక మనిషి లేడు కాబట్టి వేళ్ళకు కొత్త దారులు తనే వేసుకోవాల్సి వచ్చింది. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకం పలకదు. అందుకని జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు ఐదు బిగించి, కరెంటు మాండలిన్ పట్టుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కూర్చున్నప్పుడు వయసు తొమ్మిదేళ్ళు. శాస్త్రీయ కచేరీలో కరెంటు వాద్యమా అని మొహం చిట్లించినవాళ్ళు లేకపోలేదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్ళేసరికి పద్నాలుగు. మైల్స్ డేవిస్ లాంటివాళ్ళను వినడానికి అలవాటుపడ్డ జనం లేచి నిలబడ్డారు.

1995లో అతను మైఖేల్ బ్రూక్‌తో 'డ్రీమ్' ఆల్బం చేశాడు. గాయకుడు పీటర్ గేబ్రియల్ పెట్టిన రియల్ వరల్డ్ కంపెనీ విడుదల చేసింది. బ్రూక్ అంటే, మీటిన స్వరం ఎంతసేపైనా ఆరిపోకుండా నిలిచే 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసిన మనిషి. యూటూ బృందం 'విత్ ఆర్ వితౌట్ యూ' పాటలో వాడింది దాన్నే. స్వరం ఆరిపోకూడదని పాలకొల్లు పిల్లవాడు ఒకవైపు, కెనడా గిటారిస్టు మరోవైపు ఒకే సమస్యతో కుస్తీ పట్టి, చివరికి ఒకే స్టూడియోలో కలుసుకున్నారు. ఈ మొత్తం కథలో ఈ కలయికకు సాటి వచ్చేది ఇంకోటి లేదు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ బృందం 'రిమెంబర్ శక్తి'లోనూ శ్రీనివాస్ వాయించాడు. శ్రీనివాస్ కూడా సాయిభక్తుడే, పుట్టపర్తిలో ఎన్నోసార్లు కచేరీ చేశాడు. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్ళకే వెళ్ళిపోయాడు.

బెంగళూరు రైలు

పెద్ద రాక్ కచేరీ చూడాలంటే అనంతపురం కుర్రాళ్ళకు హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఊరి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2002లో పింక్ ఫ్లాయిడ్ మాజీ సభ్యుడు రోజర్ వాటర్స్ పాడాడు. 2003లో రోలింగ్ స్టోన్స్ వచ్చారు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా. మెటాలికాకు రెండురోజుల ముందు ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో జరగాల్సిన కచేరీ రద్దయింది, అందుకని ఆ బృందం భారత్‌లో మొదటిసారి వాయించిన ఊరిగా బెంగళూరే నిలిచింది.

హైదరాబాదులో పుట్టిన 'గాడ్‌లెస్' బృందం డెత్ మెటల్ వాయిస్తుంది. 2018లో 'స్వార్మ్', 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వచ్చాయి. ఆ గర్జన నచ్చనివాళ్ళకు అదే ఊరి 'చౌరస్తా' ఉంది, జానపదాన్ని జమైకా రెగ్గేతో కలిపి తెలుగులో పాడుతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇవన్నీ చెరువుకట్ట మీద కూర్చున్న పిల్లోడి ఫోన్లోకే వచ్చేశాయి. పిల్లలకు దారి తెలియదని ఇప్పుడు అనలేం. ఫోన్ మాత్రం నిన్న విన్నదానిలాంటిదే ఇవాళా ఇస్తుంది. జప్పాకు ఆ పత్రిక చేసిన మేలు, అంటే ఇది వినొద్దు అని గట్టిగా చెప్పడం, దానికి చేతకాదు.

మోగే బండలు

రాక్ అనగానే బండరాయి గుర్తొచ్చిన ఇళ్ళ గురించి మొదట చెప్పుకున్నాం. ఆ ఇళ్ళదేమీ తప్పు కాదని తేల్చే కొండ ఒకటుంది. బళ్ళారి పక్కన కుప్‌గల్లు. 1882లో విడదీసేదాకా అనంతపురం ప్రాంతం బళ్ళారి జిల్లాలోదే. ఆ కొండ గ్రానైటు మధ్యలో నల్లటి డాలరైటు రాతిచార ఒకటి పరుచుకుని ఉంటుంది. దాని బండల మీద కొత్తరాతియుగం నుంచి చెక్కిన ఎద్దులు, మనుషులు వేల సంఖ్యలో ఉన్నాయి. బొమ్మల పక్కనే కొన్ని బండలకు నున్నగా అరిగిన గుంటలున్నాయి. గ్రానైటు గుండుతో అక్కడ కొడితే రాయి కంచులా మోగుతుంది. ఏ గుంట స్వరం దానిదే. వేల ఏళ్ళ కిందటి మనుషులు కొట్టి కొట్టి అరగదీసిన చోట్లవి. 1892లోనే ఫాసెట్ అనే ఆంగ్లేయుడు ఈ కొండ గురించి రాశాడు. తర్వాత లోకం మరిచిపోయింది. 2004లో కేంబ్రిడ్జి పురావస్తు శాస్త్రవేత్త నికోల్ బోయ్‌విన్ 'యాంటిక్విటీ' పత్రికలో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. అప్పటికే క్వారీ తవ్వకాలు కొండను కొరుకుతున్నాయని కూడా రాశారు.

కుప్‌గల్లు దాకా వెళ్ళలేనివాళ్ళకు బుక్కరాయసముద్రం మీదుగా పోయే రోడ్డు చివర తాడిపత్రి ఉంది. బుగ్గ రామలింగేశ్వరాలయంలో రాముడి గుడి ముందు ఏడు చిన్న స్తంభాలు తట్టితే పలుకుతాయి. స్తంభాల్లో స్వరాలు దాచిన శిల్పికి ప్రయోగం అంటే ఏమిటో ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఇన్ని ఉన్నా, ఈ ప్రాంతపు శబ్దాలను ఒకచోట చేర్చి, మంచి మైకులతో రికార్డు చేసి, పిల్లలు వినేలా పెట్టిన భాండాగారం ఇక్కడ కావాల్సే ఉంది. ఉరుము వాయించే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. జంతలూరులో విశ్వవిద్యాలయం ఉంది, అనంతపురంలో ఆకాశవాణి ఉంది, ఇంజనీరింగు చదివే వేలమంది కుర్రాళ్ళున్నారు. ఒక జాతర రోజు ఉరుముల బృందాన్ని ఊరి బడి అరుగు మీద కూర్చోబెట్టి, రికార్డు చేసి, దాని పక్కనే ఫెర్గూసన్ 'చలనాట', ఆలిస్ కోల్ట్రేన్ భజనలు, శ్రీనివాస్ 'డ్రీమ్' వినిపించండి. ఈ పని మొదలుపెట్టడానికి గ్రాంటులు అక్కర్లేదు, నాలుగు మైకులూ ఒక లాప్‌టాప్ చాలు. ముందుగా ఉరుము వాయించేవాళ్ళను పిలవండి. వాళ్ళకు కూలి గిట్టేలా డబ్బు ఇవ్వడం మరిచిపోకండి.